కచేరీ చావడిలో పిల్లులు

మా ముత్తాత వెంకటపతి నాయుడు పుంగనూరుకు పడమటగా పదకొండు పల్లెలకు మిట్టాదారు. ఆ పల్లెల శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే హక్కు ఆయనది. ఆయన కొడుకు, మా తాత రంగప్ప నాయుడు, కచేరీ చావడిలో టేకు పీట మీద కూర్చుని తగవులు తీర్చేవాడు. ఆయన ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు ఆ పల్లెల్లో లేడు. మా నాన్న కాలానికి మిట్టా పోయింది, పొలం చాలావరకు పోయింది. నాకు పదిహేడేళ్ళప్పుడు ఇల్లు కూడా చేయి మారింది. కొన్నది ఇప్పుడు ఆ ఇంట్లో ఉండే రెడ్డెప్ప తండ్రి. మా బావులు తవ్వడానికి వచ్చిన మనిషి.

నేను తిరుపతిలో పశువైద్యం చదివాను. కుప్పంలో ఉద్యోగం మొదలుపెట్టి, మదనపల్లెలో రిటైరై, అక్కడే చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. ఆవులు, ఎనుములు, గొర్రెలు నాకు తెలిసిన జంతువులు. పిల్లుల్ని వైద్యానికి తెచ్చే రోజులు ఈమధ్యే వచ్చాయి. నాకది చిన్నతనంగా ఉండేది. కానీ క్లినిక్ మెట్లెక్కినవాళ్ళను పంపేసే స్థితి నాది కాదు.

అలా మెట్లెక్కిన మనిషే మునెమ్మ. రెడ్డెప్ప భార్య. ఆమె పుట్టిల్లు కుప్పం. చెల్లెల్ని చూడడానికి పోయినప్పుడల్లా స్టేషన్ దగ్గరో, మార్కెట్ వెనకో దిక్కులేని పిల్లి ఏదైనా కనబడితే వైరు బుట్టలో వేసుకుని వచ్చేస్తుంది. ఒకటి కన్ను పోయినది, ఒకటి తోక తెగినది, ఒకటి ఎవరో సంచిలో కట్టి పారేసినది. ఈ సంగతి జరిగిన నాటికి, అంటే మూడేళ్ళ కిందటి ఎండాకాలానికి, ఆ ఇంట్లో తొమ్మిది పిల్లులు ఉండేవి. ఆ ఇంట్లో అంటే మా ఇంట్లో.

ఒక పిల్లికి కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు ఆమె మాటల్లో మాటగా చెప్పింది:

“పెద్దది ఉండాది సార్, తెల్లది, గండుపిల్లి. దానికి దొర అని పేరు పెట్టినాము. చావడిలో ఆ టేకు పీట ఉండాది సూడండి, దాని మింద తప్ప ఇంకోచోట పండుకోదు. ఎవురన్నా కూసుంటే గుర్రుమంటాది.”

నేను కట్టు ముడి వేస్తున్నవాణ్ణి ఆగిపోయాను. ఆమెకు అప్పుడు వెలిగింది.

“అయ్యో, మిమ్మల్ని అని కాదు సార్. దాని నడక సూసి పెట్టినాము.”

“పర్వాలేదమ్మా” అన్నాను. పర్వా ఉంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మనిషి మీద అసూయ పడితే దానికో మర్యాద ఉంటుంది. అరవై రెండేళ్ళ వయసులో నేను ఒక పిల్లి మీద అసూయపడ్డాను. నేనుండేది అద్దె ఇల్లు. ఓనరు జంతువుల్ని మెట్ల దగ్గరికి కూడా రానివ్వడు. ఆ పిల్లి మాత్రం మా తాత పీట మీద పడుకుని గుర్రుమంటోంది.

ఆ వేసవి మొదట్లో మునెమ్మ ఫోన్ చేసింది. కుప్పం నుంచి కొత్తగా తెచ్చిన రెండు కూనలకు ఒళ్ళంతా గోమార్లు, అంటే నెత్తురు పీల్చే పిడుదులు, వాటినుంచి ఇంటి పిల్లులన్నిటికీ అంటుకున్నాయి.

“తొమ్మిదిట్నీ బస్సులో యాడ తీసుకొచ్చేది సార్? ఎక్కనిస్తారా? మీరే ఒకపారి వచ్చి పోండి సార్.”

పిల్లుల కోసం నేను ఇంటికి పోయే అలవాటు లేదు. పోయాను. ఎందుకు పోయానని అప్పుడు అడిగితే డ్యూటీ అనేవాణ్ణి. చూడాలనే పోయాను.

నలభై అయిదేళ్ళలో ఆ ఇంటి అరుగు దాకా రెండు మూడుసార్లు పోయాను, ఊళ్ళో పశువులకు టీకాలు వేయడానికి వచ్చినప్పుడు. గడప మాత్రం దాటలేదు. దాటనని నాకు నేను పెట్టుకున్న నియమం. అమ్ముకున్న ఇంట్లోకి అతిథిగా పోయి, ఇంకొకరు ఇచ్చిన కాఫీ తాగి రావడం నావల్ల అయ్యే పని కాదు.

“లోపలికి రండి సార్. పిల్లులన్నీ చావడిలోనే ఉండాయి” అంది మునెమ్మ.

“ఇక్కడికే తీసుకురామ్మా. వెలుతురు బాగుంది.”

ఆమె ఒక్కొక్కదాన్నే తెచ్చి నా ఎదుట పెట్టింది. నా చేతిలో గింజుకున్న పిల్లి ఆమె చేతిలోకి పోగానే తడిగుడ్డలా మెత్తబడేది. చివరికి దొర వచ్చాడు. మెడ దగ్గర పట్టుకోబోతే నా ముంజేతి మీద మూడు గీతలు పెట్టాడు. మునెమ్మ “ఏమప్పా నీకు, డాక్టరు గదా” అని ఒక్క మాట అనేసరికి కళ్ళు మూసుకున్నాడు. నాకు ముప్పై అయిదేళ్ళ సర్వీసు. ఆమెకు ఏ చదువూ లేదు. అక్కడ కూడా నేనే ఓడిపోయాను.

మా పనిలో ‘హిస్టరీ’ అని ఒకటి ఉంటుంది. మందు రాసే ముందు యజమానిని అడిగి తెలుసుకోవాల్సిన సంగతులన్నీ అందులోకి వస్తాయి. వయసెంత, చూలుతో ఉందా, ఏం తింటోంది, ఎక్కడ పడుకుంటుంది, ఇంట్లో ఇంకా ఏ జీవాలున్నాయి. చివరి రెండూ నేను అడగలేదు. ఎక్కడ పడుకుంటున్నాయో అడగాల్సిన అవసరమే లేదు, నాకు బాగా తెలుసు. ఇంకా ఏ జీవాలున్నాయో కూడా తెలుసనే అనుకున్నాను. రెడ్డెప్ప వాళ్ళు పట్టుపురుగులు మేపుతారని, దానికి రోడ్డవతల తోటలో వేరే షెడ్డు ఉందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

గడపకు అడ్డంగా సున్నపు పొడి ఒక గీతలా చల్లి ఉంది. తలుపుకు తడి గోనె వేలాడుతోంది. మునెమ్మ వేళ్ళు ఆకుపసరుతో పచ్చగా ఉన్నాయి. ఈ మూడూ చూశాను. పశువైద్యుడిగా చూసి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. ఇల్లు పోగొట్టుకున్నవాడిగా చూశాను కాబట్టి, మా వాకిలిని ఎంత పాడు చేశారో అనిపించింది, అంతే.

గోమార్లకు నేను వాడింది ఫిప్రోనిల్ స్ప్రే. వెంట్రుకల మొదళ్ళకు తగిలేలా చల్లే మందు, పిల్లులకు ప్రమాదం లేదు. ఆరిపోయాక కూడా చాలా రోజులు వెంట్రుకలను అంటుకుని ఉండి పురుగుల్ని చంపుతుంది. తొమ్మిదింటికీ చల్లాను.

మునెమ్మ ముక్కు చిట్లించింది. “ఘాటుగా ఉండాది సార్. ఇంట్లో తిరగొచ్చునా ఇవి?”

“తిరగొచ్చు. రెండు దినాలు నీళ్ళు పోయొద్దు” అన్నాను.

మరుసటి రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. మునెమ్మ.

“సార్, పురుగులు కక్కుతాండాయి. పచ్చగా కక్కి తలలు ఆడిస్తాండాయి. పిల్లుల రోగం పురుగులకు అంటుతాదా సార్? ఆయప్ప ఇంతెత్తున లేస్తాండాడు.”

“పిల్లులు షెడ్డుకు ఎందుకు పోయాయి?”

“షెడ్డు యాడుండాది సార్? మొన్న గాలివానకు రేకులన్నీ లేసిపోయినాయి గదా. ఈ పంటకు పురుగుల్ని చావడిలోనే పెట్టినాము.”

నేను ఫోన్ పెట్టేశాను. తర్వాత స్కూటర్ తీశాను. మదనపల్లె నుంచి పుంగనూరు రోడ్డు మీద ఎన్ని మలుపులున్నాయో ఆ రోజు తెలిసింది.

గడప ఆ రోజు దాటాను. చెప్పులు విప్పి, పురుగులకు రోగం రాకుండా చల్లిన సున్నపు పొడి తొక్కి, వేడి తగలకుండా కట్టిన తడి గోనె పక్కకు తీసి లోపలికి పోయాను. మా తాత చావడిలో మూడు వరసల్లో వెదురు మంచెల మీద పట్టుపురుగులు. నాలుగో జ్వరం లేచిన పురుగులవి. పట్టుపురుగు చర్మం మార్చుకునే నిద్రను ఇక్కడ జ్వరం అంటారు. నాలుగోది లేచాక వారం పాటు రాత్రీ పగలూ లేకుండా తింటాయి, తర్వాత గూడు కడతాయి. పంటంతా ఆ వారంలోనే ఉంటుంది. దూరపు రెండు వరసలు ఆకు నములుతున్న చప్పుడు వినబడుతోంది. వాకిలి పక్క వరసలో చప్పుడు లేదు. అక్కడి పురుగులు కుదించుకుపోయి, పసరు కక్కి, తలలు పైకెత్తి ఊగుతున్నాయి. కొన్ని ఊగడం కూడా మానేశాయి.

ఆ వరస పక్కనే గోడవారగా మల్బరీ కొమ్మల పోగు. వాడిపోకుండా పైన తడి గోనెలు కప్పారు. ఎండాకాలంలో ఆ ఇంట్లో అంతకంటే చల్లని చోటు ఉండదు. గోనెల మీద నాలుగైదు చోట్ల పిల్లి పడుకున్న గుంటలు, ఆ గుంటల్లో వెంట్రుకలు. తెల్లవి కూడా ఉన్నాయి. దొర ఆ రాత్రి పీట వదిలి ఆకు మీద పడుకున్నాడు.

నాకంతా అర్థమైంది. నాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాలేదు.

రెడ్డెప్ప చేతిలో రెండు గోనెసంచులు ఉన్నాయి. అతనిది నా వయసే. పాత అలవాటు కొద్దీ నేనతన్ని నువ్వు అంటాను, అతను నన్ను సార్ అంటాడు.

“సూడండి సార్, ఈమె చేసిన పని. పిల్లులు పిల్లులు అని ఊళ్ళో ఉండే రోగాలంతా ఇంట్లోకి తెచ్చింది. ఈపొద్దు తేలిపోవల్ల. పురుగులు కావల్నా, పిల్లులు కావల్నా?”

“అవి ఏం చేసినాయి నిన్ను?” అంది మునెమ్మ.

“ఏం చేసినాయా? సస్తాండేది కనబళ్ళేదా నీకు? అన్నిట్నీ మూటగట్టి సాయంత్రం బండికి కుప్పం స్టేషన్లో వదిలేసొస్తా. యాడ పుట్టినాయో ఆడికే పోనీ.”

“అయితే ఇంకో సంచి తే. నన్నూ అందులోనే ఎయ్యి. నేనూ ఆడ పుట్టిందాన్నే గదా.”

“నువ్వు సంచిలో పట్టవులే” అన్నాడు రెడ్డెప్ప. కానీ నవ్వలేదు. ఒక సంచి నోరు విప్పి, మూలనున్న రెండు కూనల్ని ఎత్తి అందులో వేశాడు. మునెమ్మ సంచి అంచు పట్టుకుంది. ఇద్దరూ నా వైపు చూశారు.

“మీరు సెప్పండి సార్” అన్నాడతను. “డాక్టరు గదా. పిల్లుల వల్లనేనా, కాదా?”

అప్పుడు నా మనసులో ఏముందో దాచకుండా రాస్తున్నాను. “పిల్లుల వల్లే” అంటే అబద్ధం కూడా కాదు. ఆ ఒక్క మాటతో నా పేరు నిలబడుతుంది, చావడి ఖాళీ అవుతుంది. మా తాత పీట మీద ఏ జంతువూ పడుకోదు. నేను కాలు పెట్టడానికి సిగ్గుపడిన చోట అవి హాయిగా ఒళ్ళు విరుచుకోవడం ఇక ఉండదు. ఆ ఆలోచన నాకు నచ్చింది. ఎంతగా నచ్చిందంటే, “చూద్దాం” అని చేతులు వెనక్కి కట్టుకుని, పరీక్ష చేస్తున్నవాడిలా ఆ చివర నుంచి ఈ చివరికి ఒకసారి నడిచాను. దొర పీట మీద నుంచి నన్నే చూస్తున్నాడు.

మునెమ్మ కళ్ళు తుడుచుకుని సంచి వదిలేసింది. మేత వేళ అయింది. ఏడుపు ఏడుపే, పురుగుల మేత మేతే. ఆమె పోగు దగ్గరకు పోయి గోనె పక్కకు లాగి, రెండు చేతులా కొమ్మలు ఎత్తుకుని దూరపు వరసల వైపు నడిచింది. ఆ రెండు వరసలు అప్పటికి బాగున్నాయి. వాటికి రాత్రి వేసిన ఆకు ఇప్పుడే అయిపోయింది. పిల్లులు పడుకున్న పోగు నుంచి తెల్లారి మేత అందింది వాకిలి వరసకు ఒక్కదానికే, ఇప్పుడు ఆ ఆకే వీటికీ పోతోంది.

“ఆ ఆకు వేయొద్దు” అన్నాను.

ఆమె ఆగింది. “యాల సార్?”

“దాని మీద నా మందు ఉంది.”

వాళ్ళకు వెంటనే తలకెక్కలేదు. నేను వివరంగా చెప్పాను. నిన్న చల్లింది పురుగుల మందని, పిల్లుల ఒంటి నుంచి గోనెకు, గోనె తడితో ఆకుకు దిగిందని, గోమారును చంపే మందు పట్టుపురుగును బతకనివ్వదని. పిల్లులకు ఏ రోగమూ లేదని. ఇంట్లో తిరగొచ్చని చెప్పింది నేనేనని.

రెడ్డెప్ప సంచి కింద పెట్టాడు. కూనలు రెండూ బయటికి వచ్చి ఒళ్ళు దులుపుకున్నాయి.

“చావడిలో పురుగులుండాయని మీకు తెలీదా సార్?”

“తెలీదు. అడగలేదు.”

“అడిగేదెందుకు సార్? లోపలికొస్తే కనబడేది గదా!” అతని గొంతు పెరిగింది. “ఈమె రండి రండి అనె. అరుగు మిందే నిలబడితిరి. మేము కొని నలభై ఏండ్లు దాటిపాయె, ఇంకా మా గడప మీకు మైలగానే ఉండాదే! మీ గౌరవానికి నా పంట కావల్సొచ్చెనా?”

ఆ గొంతుతో మాట్లాడినవాళ్ళు మా వంశంలో ఎవరికీ ఎదురుపడలేదనుకుంటాను. 

“తిట్టేది మళ్ళీ తిడుదువులే. కొడవలి తీసుకో, పో” అంది మునెమ్మ భర్తతో.

మిగిలిన పగలంతా ముగ్గురం పనిచేశాం. పోగంతా బయటికి ఈడ్చి గుంటలో పూడ్చాం. రెడ్డెప్ప తోటలోంచి పచ్చి కొమ్మలు కోసి మోపులు మోశాడు. మంచి వరసల మీద కొత్త కొమ్మలు పరిచి, పురుగులు వాటి మీదికి ఎక్కాక, కొమ్మలతో సహా ఎత్తి వేరే మంచెల మీదికి మార్చాం. చనిపోయినవాటిని నేనే ఏరాను. కిటికీలన్నీ తీశాం. నైరుతి మూల కిటికీ గడియ ఎలా తీయాలో వాళ్ళకు ఇన్నేళ్ళుగా తెలియదట. కొంచెం పైకెత్తి లాగాలి. నేను తీశాను. 

వాకిలి వరస పోయింది. రెండు వరసలు నిలిచాయి.

పిల్లుల్ని ఆ ఇంట్లో ఉంచడానికి లేదు. గూళ్ళు కట్టేదాకా నా దగ్గర ఉంచుకుంటానన్నాను. అద్దెకు తెచ్చిన ఆటోలో బుట్టలతో సహా మదనపల్లెకు తెచ్చి, క్లినిక్ వెనక గదిలో పెట్టాను. అక్కడ వాటితో గడిపిన రోజుల గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. చేపలు నేనే కొన్నాను, నేనే ఉడికించాను. కూనలు తిన్నాయి. దొర రెండు రోజులు మూతి పెట్టలేదు. మూడో రోజు మునెమ్మ మధ్యాహ్నం బస్సుకు వచ్చింది. ఆమె గొంతు మెట్ల దగ్గర వినబడగానే తొమ్మిదీ తలుపు దగ్గరికి చేరాయి. ఆమె నేల మీద కూర్చుంది. దొర ఆమె ఒళ్ళో తల పెట్టి, నేను పొద్దున పెట్టిన చేపనే ఆమె చేత్తో తిన్నాడు.

“ఇంటి మింద బెంగ సార్ దీనికి” అంది.

“ఎవరి ఇంటి మీద?” అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఒక ఇంటి మీద బెంగపడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకోసం ఎవరూ బస్సెక్కి రాలేదు. అది కూడా అసూయే. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

పదో రోజో పదకొండో రోజో రెడ్డెప్పే వచ్చాడు, గూడ్స్ ఆటో వేసుకుని. మెట్ల మీదే నిలబడ్డాడు.

“గూడు కట్టేది అయిపోయినాది సార్. పిల్లుల్నిప్పియ్యండి.”

“కుప్పం స్టేషన్‌కా?”

అతను నన్ను చురుగ్గా చూసి, తర్వాత మీసాల్లో నవ్వాడు. “ఎగతాళి చేయొద్దండి సార్. ఎలకలు. ఇన్నాళ్ళూ యాడుండెనో, పిల్లుల్లేవని తెలిసి అన్నీ దిగినాయి. రాత్రంతా గూళ్ళు కొరుకుతాండాయి. మునెమ్మ కట్టె పట్టుకుని కూసోనుండాది.”

పిల్లులకు ఈలోగా రెండుసార్లు షాంపూతో స్నానం చేయించాను. గూడు కట్టిన పురుగు ఆకు తినదు కాబట్టి, వెంట్రుకల్లో ఎక్కడైనా మందు మిగిలినా నష్టం లేదు. అయినా వచ్చే పంటకు కొమ్మల పోగు పిల్లులు తిరిగే చోట పెట్టొద్దని చీటీ రాసిచ్చాను. నేనూ అతనితోపాటే ఆటోలో పోయాను. వాకిట్లో బుట్టల మూతలు తీయగానే అవి ఒక్కటీ వెనక్కి చూడలేదు. తోకలు నిలబెట్టి గడప దాటి లోపలికి పోయాయి, అడిగి పోవాల్సిన అవసరం లేనివాళ్ళలా. ఆ ఇంట్లోకి అలా పోయిన రోజులు నాకూ ఉన్నాయి.

మునెమ్మ కాఫీ ఇచ్చింది. లోపల కూర్చునే తాగాను. పీట ఖాళీ లేదు, కుర్చీ వేశారు.

నష్టపోయిన వరసకు పరిహారం ఇస్తానన్నాను. రెడ్డెప్ప తల అడ్డంగా ఊపాడు.

“లెక్కలొద్దు సార్. అడగమంటే ఒకటి అడుగుతా. ఇంటి ఎనకాల మీ పేరుతో ఒక చెక్క భూమి ఉండాది గదా. కంపచెట్లు మొలిచి పాములకు తప్ప ఎవురికీ పనికి రాలేదు. మా నాయన అడిగె, నేనూ రెండు తూర్లు మనిషిని పంపిస్తి, మీరు ఇయ్యలేదు. ఊరికే వద్దు, ధర ఎంతంటే అంతిస్తా. అది ఉంటే షెడ్డు ఈడనే ఏసుకుంటాము. పురుగులు ఒక పక్క, పిల్లులు ఒక పక్క.”

ఆ చెక్కను ఎందుకు అట్టిపెట్టుకున్నానో నాకు తెలుసు. పంట కోసం కాదు. ఆ ఊళ్ళో నాకూ ఒక హద్దురాయి ఉందని చెప్పుకోవడానికి. అప్పుడు జవాబివ్వలేదు. ఇవ్వడానికి రెండేళ్ళు దాటింది.

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు, పిల్లినో కుక్కనో పెంచుకునేవాళ్ళకు ఈ కేసు నుంచి చెప్పదగ్గవి రెండే. పెంచుకునేవాళ్ళు డాక్టరు అడగకపోయినా ఇంట్లో ఉన్న ప్రతి జీవం పేరూ చెప్పాలి. చేపల తొట్టి, కోళ్ళు, తేనెపెట్టె, పట్టుపురుగులు, ఏదైనా. ఒకదానికి మందైనది ఇంకొకదానికి విషం కావచ్చు. ఇక వైద్యం చేసేవాళ్ళు ఆ జంతువు పడుకునే చోటును తమ కళ్ళతో చూడాలి. నేను ఇప్పుడు ఏ ఇంటికి పోయినా చెప్పులు విప్పి లోపలికి పోతాను, మందు సంచి తర్వాతే తెరుస్తాను. వంటింటి దాకా పోతాను. కొందరు నొచ్చుకుంటారు, నొచ్చుకోనీ. ఆ నాలుగడుగులు వేయడం ఎంత కష్టమో, వేయకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

దొర ఇంకా ఉన్నాడు. ముసలివాడయ్యాడు. పళ్ళు చూడడానికి ఆరు నెలలకోసారి పోతాను. ఇప్పటికీ గీరతాడు.

పోయిన మాఘమాసంలో, పుంగనూరు రిజిస్ట్రారు ఆఫీసులో, ఇంటి వెనక ఉన్న ఎకరా పది సెంట్లు మునెమ్మ పేరున అమ్మేశాను.